సీడీ పాడవలేదు, డ్రైవ్ అక్షరం మారింది

ఎడిటర్ గారికి,

నమస్కారం. పోయిన వారం మీ కంప్యూటర్ పేజీలో ఒక పాఠకుడి ప్రశ్న, దానికి మీవాళ్ళు ఇచ్చిన జవాబు చదివాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. ఆయన అడిగింది చిన్న సంగతే. ఇరవై ఏళ్ళ కిందట కొన్న గేమ్ సీడీ ఇంట్లో దొరికింది, లాప్‌టాప్‌కి యూఎస్‌బీ సీడీ డ్రైవ్ ఒకటి కొన్నారు, ఇన్‌స్టాల్ అయింది, మొదటిరోజు ఆడారు కూడా. రెండోరోజు నుంచి ఆట తెరవగానే "సీడీ పెట్టండి" అంటోంది. సీడీ లోపలే ఉంది, గిర్రున తిరుగుతున్న చప్పుడు కూడా వినిపిస్తోంది. దానికి మీ పేజీలో రెండు ముక్కల్లో తేల్చేశారు, సీడీకి గీతలు పడి ఉంటాయి, లేదా ఇప్పటి విండోస్‌కి ఆ ఆట సరిపడదు, వదిలేయండి అని.

ఎద్దు ఈనిందంటే దూడను గాటికి కట్టేయమన్నట్టుంది. గీతలు పడిన సీడీ అయితే ఇన్‌స్టాల్ ఎలా అయిందండీ? విండోస్‌కి సరిపడకపోతే మొదటిరోజు ఎలా ఆడారు? ఆయన ప్రశ్నలోనే జవాబు ఉంది. మొదటిరోజుకీ రెండోరోజుకీ మధ్య సీడీ మారలేదు, విండోస్ మారలేదు, మారింది డ్రైవ్ అక్షరం, అంటే ఒక్కో డ్రైవ్‌కీ గుర్తుగా విండోస్ ఇచ్చే సి, డి, ఇ లాంటి అక్షరం, అయ్యుంటుంది. మొదటిరోజు ఇ అని ఉన్న డ్రైవ్, రెండోరోజు పెన్ డ్రైవ్ ఏదో ముందే పెట్టి ఉండటం వల్ల ఎఫ్ అయ్యుంటుంది. ఆట మాత్రం ఇ దగ్గరే నిలబడి తలుపు కొడుతోంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

నాకెలా తెలుసంటారా, ఈ తలనొప్పి మన ఊళ్ళలో ఇంటింటికీ పంచిపెట్టినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. 1998 నుంచి పదేళ్ళపైన తెనాలిలో సిస్టమ్‌లు అసెంబుల్ చేసి అమ్మాను. రాత్రి రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగి, చెనాయ్ ట్రేడ్ సెంటర్లో మదర్‌బోర్డులూ ర్యాములూ కొని, మళ్ళీ రాత్రి రైలుకే వెనక్కి. అప్పట్లో మా అందరికీ ఒక అలవాటు ఉండేది, 40 జీబీ హార్డ్ డిస్క్ వస్తే దాన్ని నాలుగు ముక్కలు చేసేవాళ్ళం. సి లో విండోస్, డి లో ఆఫీసు కాగితాలు, ఇ లో పాటలు, ఎఫ్ లో సినిమాలు. ఎందుకంటే వైరస్ వచ్చినప్పుడల్లా సి ఒక్కటే ఫార్మాట్ కొట్టేస్తే సరిపోయేది, మిగతావి భద్రంగా ఉండేవి. అది మంచి ఆలోచనే, ఇప్పటికీ తప్పనను. కాకపోతే దానివల్ల సీడీ డ్రైవ్ పోయి పోయి జి దగ్గర కూర్చునేది. గేమ్ తయారుచేసిన అమెరికావాడు సి అంటే హార్డ్ డిస్క్, డి అంటే సీడీ అనుకుని రాసుకున్నాడు, వాడి ఊళ్ళో నిజంగా అలాగే ఉండేది మరి.

2002లో జరిగింది చెప్తాను. మా దగ్గర సిస్టమ్ కొన్న ఒక లెక్కల మాస్టారు వాళ్ళబ్బాయి కోసం గేమ్ సీడీ కొన్నారు. రెండు నెలలు బాగానే ఆడాడు. తర్వాత స్థలం చాలడం లేదంటే నేనే ఇంటికెళ్ళి రెండో హార్డ్ డిస్క్ బిగించి వచ్చాను. అప్పటి విండోస్ 98 ఏం చేసేదంటే, ముందు ఒక్కో డిస్క్‌లో ఉన్న మొదటి ముక్కకి అక్షరం ఇచ్చి, ఆ తర్వాత మిగతా ముక్కలకి ఇచ్చి, అందరూ కూర్చున్నాక సీడీ డ్రైవ్‌కి మిగిలిన కుర్చీ వేసేది. దాంతో అక్షరాలన్నీ జరిగిపోయాయి. మర్నాడు మాస్టారు సీడీ తెచ్చి "పెట్టమంటోందయ్యా" అన్నారు. సీడీ తుడిచి ఇచ్చాను. మళ్ళీ వచ్చారు. కాపీ కొట్టి ఇచ్చాను, అది ఇంకా ఘోరం, అసలు సీడీని చూసినప్పుడైనా కాసేపు ఆలోచించేది, దీన్ని పట్టించుకోను కూడా లేదు. మూడోసారి వచ్చినప్పుడు డ్రైవ్ లెన్స్ పోయిందని చెప్పి కొత్త 52ఎక్స్ డ్రైవ్ అమ్మాను. అప్పుడూ పనిచేయలేదు. నెల తర్వాత నేనే ఇంకొకరి ఇంట్లో ఇదే చూసి, అక్షరం వెనక్కి మారిస్తే ఆట తెరుచుకోవడంతో అర్థమైంది. మాస్టారింటికి వెళ్ళి సరిచేసి వచ్చాను గానీ డ్రైవ్ డబ్బులు మాత్రం తిరిగి ఇవ్వలేదు. అందుకే మీవాళ్ళ జవాబు చూస్తే అంత ఒళ్ళు మండింది, అది అచ్చం అప్పటి నా జవాబే.

అసలు ఆట సీడీని ఎలా గుర్తుపడుతుందో కాస్త చెప్పాలి, లేకపోతే ఇదంతా మంత్రంలా ఉంటుంది. కొన్ని ఆటలు ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు ఏ డ్రైవ్ నుంచి వచ్చాయో ఆ అక్షరాన్ని విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలోనో, ఆట ఫోల్డర్‌లోనే ఉండే ఐఎన్ఐ అనే సెట్టింగుల ఫైల్‌లోనో రాసిపెట్టుకుంటాయి. ఇక జన్మంతా అక్కడికే వెళ్తాయి. ఇంకొన్ని కాస్త తెలివైనవి, ఎ నుంచి జెడ్ దాకా అడుగుతూ పోతాయి, నువ్వు సీడీ డ్రైవ్‌వేనా అని. అవును అన్న మొదటి డ్రైవ్ దగ్గరే ఆగిపోయేవి వీటిలో చాలా ఉన్నాయి, రెండో సీడీ డ్రైవ్ ఒకటి ఉంటుందని వాటికి తోచదు. సీడీ రైటర్లు వచ్చిన కొత్తలో అందరూ పాత డ్రైవ్ ఉంచుకుని పక్కనే రైటర్ కూడా పెట్టించుకున్నారు కదా, అప్పుడు మొదలైంది ఈ గొడవ. ఇక మూడో రకం డ్రైవ్ దొరికాక సీడీ పేరు కూడా చూస్తుంది. మై కంప్యూటర్‌లో డ్రైవ్ పక్కన కనిపించే పేరే, వాల్యూమ్ లేబుల్ అంటారు. మాస్టారికి నేను కొట్టిచ్చిన కాపీ పనిచేయకపోవడానికి అక్షరంతో పాటు ఇదీ ఒక కారణం, ఫైళ్ళన్నీ ఎక్కించాను గానీ పేరు చూసుకోలేదు, బర్న్ చేసే సాఫ్ట్‌వేర్ తనకు తోచిన పేరు పెట్టేసింది. సీడీని మొత్తంగా ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుని ఆడదామనుకునేవాళ్ళకీ ఇదే దెబ్బ, ఫోల్డర్‌కి లేబుల్ ఉండదు, అది సీడీ డ్రైవ్ అని విండోస్ చెప్పదు.

విండోస్‌కి ముందటి డాస్ రోజుల్లో ఇంత గందరగోళం ఉండేది కాదు, పని ఎక్కువైనా సంగతి మన చేతుల్లో ఉండేది. కంప్యూటర్ మొదలవగానే చదివే కాన్ఫిగ్ డాట్ సిస్ ఫైల్‌లో సీడీ డ్రైవర్ (డ్రైవ్‌ని నడిపే ప్రోగ్రామ్) లైన్ ఒకటి రాసి దానికి ఎంఎస్‌సీడీ001 అని పేరు పెట్టేవాళ్ళం, అలాంటిదే ఆటోఎగ్జెక్ ఫైల్‌లో ఎంఎస్‌సీడెక్స్ (సీడీ డ్రైవ్‌కి అక్షరం ఇచ్చే ప్రోగ్రామ్) లైన్ రాసి అదే పేరు ఇచ్చి, చివర స్లాష్ ఎల్ పెట్టి కావలసిన అక్షరం రాస్తే అయిపోయేది. రెండు చోట్లా పేరు ఒకేలా ఉండాలి, ఒక్క అక్షరం తేడా వచ్చినా డ్రైవ్ కనిపించదు. అంతే. ఇప్పుడు అన్నీ విండోస్ దానంతటదే చేసుకుంటుంది, అదే గొడవ.

సరే, మీ పాఠకుడు చేయవలసింది ఇది. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ కొడితే డిస్క్ మేనేజ్‌మెంట్ అని వస్తుంది. దాంట్లో కింద సీడీ డ్రైవ్ కనిపిస్తుంది, దాని మీద రైట్ క్లిక్ కొట్టి చేంజ్ డ్రైవ్ లెటర్ అన్నదాంట్లోకి వెళ్ళి ఇన్‌స్టాల్ చేసిన రోజున ఉన్న అక్షరం ఇవ్వాలి. ఆ అక్షరం పెన్ డ్రైవ్ దగ్గర ఉంటే ముందు పెన్ డ్రైవ్‌కి పి అనో ఎక్స్ అనో దూరంగా ఉన్నది ఇచ్చేయాలి, ఒకే అక్షరం ఇద్దరికి ఇవ్వనివ్వదు కాబట్టి. సి జోలికి, ప్రోగ్రామ్‌లు ఎక్కించిన ఇతర ముక్కల జోలికి వెళ్ళొద్దు, ఒక ఆట కోసం పది ప్రోగ్రామ్‌లు పడకేస్తాయి. మొదటి అక్షరం ఏమిటో గుర్తులేకపోతే ఆట తీసేసి, సీడీ డ్రైవ్‌కి ఎవరూ వాడని అక్షరం, ఆర్ అనుకోండి, ఒకసారి ఇచ్చేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేసుకోవడం మేలు. ఆ తర్వాత ఎన్ని పెన్ డ్రైవ్‌లు వచ్చినా ఆర్ జోలికి రావు. రెండు సీడీ డ్రైవ్‌లు ఉండి ఆట మొదటిదాన్నే చూస్తుంటే, అదే స్టార్ట్ రైట్ క్లిక్‌లో వచ్చే డివైస్ మేనేజర్‌లో అక్కర్లేనిదాన్ని డిసేబుల్ చేసి ఆట అయ్యాక మళ్ళీ ఎనేబుల్ చేసుకోవచ్చు. విండోస్ 8 నుంచి ఐఎస్ఓ ఫైల్ (సీడీ మొత్తాన్నీ ఒకే ఫైల్‌గా చేసిన కాపీ) మీద డబుల్ క్లిక్ కొడితేనే ఒక ఉత్తుత్తి డ్రైవ్ తయారవుతుంది కాబట్టి, తనకు తెలియకుండానే రెండో డ్రైవ్ ఉన్నవాళ్ళు ఇప్పుడు చాలామందే.

డాస్ ఆటలైతే ఇప్పటి కంప్యూటర్లో వాటిని నడిపే డాస్‌బాక్స్ అనే ప్రోగ్రామ్‌లో ఆడతారు కదా, అక్కడ సీడీ డ్రైవ్‌ని చూపించడానికి ఒట్టి మౌంట్ అని రాస్తే అది మామూలు ఫోల్డర్ అనుకుంటుంది, చివర -t cdrom (టైప్ సీడీరామ్) అని చెప్పాలి. ఆ ఒక్క మాట మర్చిపోయి ఆట పాడైందని వదిలేసినవాళ్ళు నాకే ముగ్గురు తెలుసు.

పాటల సంగతి ఒకటి చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. 1996లో వచ్చిన క్వేక్ అనే ఆట ఉంది చూడండి, దాని సీడీలో మొదటి ట్రాక్ ఆట, రెండో ట్రాక్ నుంచి మామూలు ఆడియో సీడీలో ఉన్నట్టే సంగీతం. ఆట నడుస్తుంటే సీడీ డ్రైవే టేప్‌రికార్డర్‌లా పాట వాయించేది, డ్రైవ్ వెనక నుంచి సౌండ్ కార్డుకి ఒక సన్న వైరు ఉండేది, మేము బద్ధకించి చాలా సిస్టమ్‌లకి అది పెట్టేవాళ్ళం కాదు, ఆ ఇళ్ళలో పిల్లలు సంగీతం లేకుండానే ఆడేశారు పాపం. ఆ ఆట విండోస్ వెర్షన్ సీడీ ఆడియో కావాలని విండోస్‌ని అడిగేదే తప్ప ఏ డ్రైవ్ అనేది చెప్పదు, కాబట్టి రెండు డ్రైవ్‌లు ఉంటే సీడీ ఒకదాంట్లో ఉండి పాట కోసం రెండోదాంట్లో వెతికేది. విండోస్ 98లో కంట్రోల్ ప్యానెల్ మల్టీమీడియాలో సీడీ మ్యూజిక్ అని ఒక ట్యాబ్ ఉండేది, డ్రైవ్ అక్కడ మార్చుకోవచ్చు, దాన్ని తెరిచి చూసినవాణ్ణి నేను ఒక్కణ్ణీ చూడలేదు. ఇలాంటి సీడీలు దాచుకునేవాళ్ళు ఐఎస్ఓగా దాచొద్దు, దాంట్లో ఆడియో ట్రాకులు రావు, బిన్, క్యూ అని రెండు ఫైళ్ళుగా తీసుకోవాలి.

మీవాళ్ళ జవాబులో సగం నిజం లేకపోలేదు, అదీ ఒప్పుకుంటాను. కొన్ని ఆటలు ఇప్పటి విండోస్‌లో నిజంగానే ఆడవు, కానీ కారణం వేరు. సేఫ్‌డిస్క్ అని, కాపీ కొట్టకుండా సీడీకి వేసే తాళం ఒకటి ఉండేది, దాని డ్రైవర్ వల్ల సెక్యూరిటీకి ముప్పని 2015లో విండోస్ 10 నుంచి మైక్రోసాఫ్ట్ దాన్ని తీసేసింది, అదే ఏడాది సెప్టెంబర్‌లో ఒక అప్‌డేట్‌తో పాత విండోస్‌లలోనూ ఆపేసింది. ఆ తాళం ఉన్న సీడీకి ఏ అక్షరం ఇచ్చినా లాభం లేదు. అలాగే ఆట 32 బిట్ అయినా దాని ఇన్‌స్టాలర్ (ఆటను కంప్యూటర్లోకి ఎక్కించే ప్రోగ్రామ్) 16 బిట్ అనే ఇంకా పాత రకానిదైతే 64 బిట్ విండోస్ దాన్ని ముట్టుకోదు. కానీ మీ పాఠకుడికి ఇన్‌స్టాల్ అయింది, ఒకరోజు ఆడింది కూడా. ఈ రెండూ ఆయన జబ్బు కాదు.

మా రోజుల్లో ఒరిజినల్ సీడీ కొన్నవాళ్ళు చాలా తక్కువ, ఆ మాట దాచేదేముంది, నేను అమ్మిన సిస్టమ్‌లలో ఆటలన్నీ ఎవరో తాళం పగలగొట్టినవే. అవి ఆడినవాళ్ళకి ఈ ఇబ్బందే రాలేదు. డబ్బు పెట్టి డబ్బా సీడీ కొన్నవాడికే ప్రతిసారీ "సీడీ పెట్టండి". మన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం కొనుక్కున్న ప్రోగ్రామ్ పోతుందేమో, పాడవుతుందేమో అని బ్యాకప్ కాపీ పెట్టుకోవచ్చు. అమెరికాలో అయితే ఫార్మాట్ పాతబడిపోయి, అసలు డిస్క్ ఉంటేనే తెరుచుకునే ప్రోగ్రామ్‌లకీ గేమ్‌లకీ 2003లో, మళ్ళీ 2006లో (ఈసారి లైబ్రరీలు, ఆర్కైవ్‌లు భద్రపరచడానికి మాత్రమే) లైబ్రేరియన్ ఆఫ్ కాంగ్రెస్, అంటే అక్కడి కాంగ్రెస్ లైబ్రరీ అధిపతి, తాళం పగలగొట్టకూడదన్న నిబంధన నుంచి మినహాయింపు ఇచ్చారు. కాబట్టి ఉన్న ఒక్క సీడీని అరగదీసే బదులు ముందు కాపీ తీసి పెట్టుకోమని కూడా ఆయనకి చెప్పండి.

వచ్చే వారం ఆ జవాబు సవరించి వేస్తే సంతోషం. ఇంత పొడుగు ఉత్తరం వేయడానికి చోటు లేకపోతే డిస్క్ మేనేజ్‌మెంట్ గురించి రాసిన ఒక్క పేరా వేసినా చాలు, ఆయన ఆ సీడీని పాత సామాన్లవాడికి వేయకముందే.

ఇట్లు,
ఒకప్పటి కంప్యూటర్ అసెంబ్లర్,
తెనాలి