నాలుగడుగుల కొలిమి బొమ్మలు ఇక అమ్మడం లేదు

మన దగ్గర అగ్రికోలా బొమ్మలు కొని గోడకి పెట్టుకున్నవాళ్ళకీ, ఆర్డరిచ్చి ఎదురుచూస్తున్నవాళ్ళకీ ఇది రాస్తున్నాను. నాలుగడుగుల సైజు ఆపేశాను. స్టాకు లేక కాదు, ఇక ఉండదు. చిన్న సైజులు రెండూ ఎప్పట్లాగే దొరుకుతాయి. డబ్బు కట్టినవాళ్ళ సంగతి చివర్లో చెబుతాను, ముందు జరిగింది వినండి.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇవి 1556లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో అచ్చయిన ‘డే రే మెటాలికా’ అనే లాటిన్ పుస్తకంలోని బొమ్మలు. రాసిన జార్జియస్ అగ్రికోలా జర్మన్ వైద్యుడు. గనుల ఊళ్ళో వైద్యం చేస్తూ కొలిములన్నీ దగ్గర్నుంచి చూసిన మనిషి. పుస్తకం బయటికొచ్చేనాటికి ఆయన లేడు, ముందు ఏడాదే పోయాడు. బొమ్మలు సుమారు 290, అన్నీ చెక్క దిమ్మల మీద చెక్కి అచ్చేసినవి. బొమ్మలో ప్రతి వస్తువు పక్కనా ఎ, బి, సి అని ఒక అక్షరం, పేజీలో దానికో వివరణ. ఆ వివరణనే మనం తెలుగులో రాసి ఫ్రేమ్ అడుగున అచ్చేసి ఇస్తున్నాం. మీలో చాలామంది కొన్నది దానికోసమేనని నాకు తెలుసు.

మనవాళ్ళకి బాగా నచ్చింది వెన్న తినే మేస్త్రీ బొమ్మ. విలువైన లోహాన్ని సీసం నుంచి విడదీసే కొలిమి అది. వేడికి సీసం గాలితో కలిసి, మిగతా చౌక లోహాలనీ వెంటబెట్టుకుని మడ్డిలా మారిపోతుంది, వెండీ బంగారం మాత్రం చెక్కుచెదరకుండా మిగులుతాయి. ఆ పొగ విషం. మేస్త్రీ ఆకలైనప్పుడు వెన్న తింటే విషం అంటదని పుస్తకంలో రాశారు. (వెన్నతో సీసం విషం విరగదు లెండి, ఎవరూ ప్రయత్నించకండి.)

ఇన్నాళ్ళూ ప్రింట్ చేసిపెట్టినవాళ్ళు ఈసారి నన్ను అడక్కుండా ఫైలుని ఏదో ఏఐ సాఫ్ట్‌వేర్‌లో వేసి పెద్దది చేశారు. చుట్ట విప్పి చూస్తే దూరానికి బ్రహ్మాండంగా ఉంది. దగ్గరికెళ్తే నీడ కోసం చెక్కిన సన్నగీతలన్నీ కరిగి ముద్దయిపోయాయి. అక్షరాలు ఏ భాషకీ చెందని గీతలయ్యాయి. మేస్త్రీ చేతిలో వెన్న పోయి సెల్‌ఫోన్ లాంటిదేదో వచ్చి కూర్చుంది. ఫోన్ చేస్తే, “ముందుకన్నా షార్ప్‌గా వచ్చింది కదా సార్” అన్నారు. ఆ మాటకి నాకు వచ్చిన కోపం ఇంకా పూర్తిగా దిగలేదు. వాళ్ళతో పని మానేశాను. ఆ లాటులో ఒక్కటి కూడా షాపు గడప దాటలేదు.

అసలు టెన్షన్ ఆ తర్వాత మొదలైంది. ఒక నగల షోరూమ్ వాళ్ళు గోడ నిండా పెద్ద సైజు కావాలని అడ్వాన్స్ ఇచ్చి ఉన్నారు, ధనత్రయోదశికి. పాత ఫైలుతోనే పెద్దది చేసి చూపించాను. అసలు పేజీయే అడుగుకి కాస్త అటూఇటూ, దాన్ని నాలుగింతలు సాగదీస్తే గీతలు పలుచబడి కాగితం మరకలు కూడా పైకొస్తాయి. “మసగ్గా ఉందండీ, ఆ ఏఐ చేసిన మెరిసేదే ఇచ్చేయండి, దగ్గరికెళ్ళి ఎవరు చూస్తారు?” అన్నారు. గురివింద గింజ ఎత్తు తేడా వస్తే ఊరుకోని వ్యాపారం వాళ్ళది! మా ఆవిడ కూడా, “కొనేవాళ్ళకి లేని పట్టింపు మీకెందుకండీ” అంది. ఆ ఆర్డరు పోతే కొన్ని నెలల అద్దె పోయినట్టేనని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. రెండు రోజులు ఇద్దామనే అనుకున్నాను, మూడో రోజు వద్దనుకున్నాను, మళ్ళీ ఊగిసలాట. చివరికి అడ్వాన్స్ తిరిగిచ్చేశాను. ఫ్రేమ్ కింద “డి అంటే ఇదీ” అని నేనే తెలుగులో అచ్చేసి, పైన బొమ్మలో డి అన్నదే లేకుండా నా షాపు పేరుతో గోడకెక్కించలేను. మొండితనం అంటారా, అనుకోండి.

ఇప్పుడు మీ సంగతి. పెద్ద సైజుకి డబ్బు కట్టినవాళ్ళకి ఈ వారంలోనే మొత్తం వెనక్కి పంపుతున్నాను. వద్దు, బదులు చిన్నవి కావాలంటే అదే ధరకి రెండు ఇస్తాను, ఏ బొమ్మలో ఎంచుకోండి. చిన్న సైజులు ఇకనుంచి మన ఊళ్ళోనే, నా కళ్ళముందే ప్రింటవుతాయి, అదే కాటన్ కాగితం, అదే నల్ల ఇంకు. డెలివరీకి కొంచెం ఎక్కువ రోజులు పట్టొచ్చు. లాజరస్ ఎర్కర్ 1574లో ప్రాగ్‌లో వేయించిన లోహపరీక్షల పుస్తకంలోని బొమ్మలు కూడా ఇదే సైజులో తెస్తున్నాను. వివరణ తెలుగులో రాయడం పూర్తయ్యాక ధర చెబుతాను.

కొలిమి మంటకి గోల్డ్ ఫాయిల్ వేయమని అడిగేవాళ్ళకి మాత్రం జవాబు పాతదే. వేయను.