ఆరుబయట ఆరాధన, కాలాల ధ్యానం: సంఘ వార్షిక నివేదిక

ప్రియమైన సభ్యులకు వందనాలు.

మన ఆరుబయట ఆరాధనలు మెల్లగా విహారయాత్రల్లా తయారవుతున్నాయని, వాటికి ఒక క్రమం కావాలని గత సర్వసభ్య సమావేశంలో మీలో చాలామంది అన్నారు. ఈ ఏడాది కార్యవర్గం చేసిన పనంతా ఆ మాట చుట్టూనే తిరిగింది. జమాఖర్చుల పట్టిక కోశాధికారి విడిగా సమర్పిస్తారు. ఏం చేశాం, ఎందుకలా చేశాం, ఏ విషయం ఇంకా తేలలేదు అన్నవి మాత్రం ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా మైకు సంగతి. ఈ ఏడాది దేనిమీదా ఇంత వాదన జరగలేదు. హాలులో చేసే ఆరాధనను ఉన్నదున్నట్టు బయటికి మోసుకెళ్తే మైకు, కీబోర్డు, జనరేటరు, టెంటు, కుర్చీలు అన్నీ వెంట వస్తాయి. అవన్నీ అమర్చాక మనం బయట ఉన్నామన్న సంగతి ఎండ తగిలితే తప్ప గుర్తుకు రాదు. అందుకే మైకు వద్దని కార్యవర్గం తీర్మానించింది. వినికిడి తగ్గిన పెద్దల సంగతేమిటన్న ప్రశ్న న్యాయమైనదే. వారిని ముందు వరుసలో కూర్చోబెట్టాం. అందరినీ అర్ధవలయంగా దగ్గర చేశాం. గాలి ఎటునుంచి వీస్తోందో చూసి, వాక్యం చదివేవారిని ఆ వైపు నిలబెట్టాం. మాట గాలితో పాటు వినేవారి వైపు వస్తుంది కాబట్టి గొంతు చించుకోనక్కర్లేదు. ఇదేమీ కొత్త విద్య కాదు. ఇంగ్లండు సువార్తికుడు జార్జ్ విట్‌ఫీల్డ్ 1739లో ఫిలడెల్ఫియా వీధిలో ప్రసంగిస్తుంటే బెంజమిన్ ఫ్రాంక్లిన్ వెనక్కి నడుస్తూ పోయి, మాట ఎంత దూరం వినిపిస్తోందో చూశాడు. ఆ గొంతు ఆరుబయట 30,000 మందికి పైగా వినిపించగలదని లెక్క తేల్చాడు. మన పాస్టరుగారి గొంతుకు అంత పరీక్ష పెట్టలేదు లెండి.

అదే 1739 ఏప్రిల్ 2న మెథడిస్టు ఉద్యమానికి ఆద్యుడైన జాన్ వెస్లీ ఇంగ్లండులోని బ్రిస్టల్ పొలిమేరలో మొదటిసారి ఆరుబయట ప్రసంగించాడు. అంతకు కొద్ది రోజుల ముందు వరకూ, ఆత్మల రక్షణ గుడిలో కాక మరెక్కడైనా జరిగితే అది దాదాపు పాపమేనని అనుకునేవాణ్ణని ఆయనే రాసుకున్నాడు. ఈ ప్రస్తావన ఎందుకంటే, మన సభ్యుల్లోనూ కొందరికి అలాంటి సంకోచం ఉంది. అది రెండు రకాలుగా బయటపడింది. గుడి ఉండగా బయటెందుకు అన్నది ఒకటి. దీనికి జవాబు తేలిక. కొండమీది ప్రసంగం, పడవలో కూర్చుని చెప్పిన విత్తువాని ఉపమానం, ఇంకా చీకటి ఉండగానే అరణ్యప్రదేశానికి వెళ్లి చేసిన ప్రార్థన, బావి దగ్గర సమరయ స్త్రీతో మాటలు, అన్నీ బయటే జరిగాయి. ఫిలిప్పీలో పౌలు ప్రార్థనాస్థలాన్ని వెతుక్కుంటూ ఊరి గవిని దాటి నది ఒడ్డుకే వెళ్లాడు. లూదియ అనే స్త్రీ హృదయం తెరుచుకున్నది అక్కడే.

రెండో సంకోచం బరువైనది. చెట్టు ముందు నిలబడి మౌనం పాటించడం సృష్టిని పూజించడం కాదా అని ఒక పెద్దాయన రాతపూర్వకంగా అడిగారు. దీన్ని కార్యవర్గం కొట్టిపారేయలేదు. సృష్టికర్తకు బదులు సృష్టిని సేవించినవారి గురించి రోమా పత్రిక మొదటి అధ్యాయం గట్టిగానే హెచ్చరిస్తుంది. అయితే 148వ కీర్తన సూర్యచంద్రులను, మంచును, తుఫానును, ఫలవృక్షాలను పిలిచి మీరూ స్తుతించండి అంటుంది. మనం చెట్టుకు మొక్కడం లేదు. ఆ కీర్తన ప్రకారం చెట్టు మనతో పాటు వరుసలో నిలబడ్డ మరో ఆరాధకురాలు. ఈ తేడా ప్రతి కూడికకు ముందు ఒక్క వాక్యంలో చెప్పాలని నిర్ణయించాం. ప్రార్థనలన్నీ దేవుణ్ణి సంబోధించేవిగానే ఉండాలి. బ్రిటన్‌లో ఫారెస్ట్ చర్చ్ పేరుతో నడిచే బృందాల క్రమాలు కొన్ని చదివి చూశాం. ఆరాధనకు వెనక తెరలా కాకుండా ప్రకృతిని తోటి భాగస్వామిగా చూడాలన్న వారి ఆలోచన మనకు పనికొచ్చింది. కొన్ని ప్రార్థనల్లో ఎవరిని పిలుస్తున్నారో స్పష్టంగా లేదనిపించి వాటిని పక్కన పెట్టాం.

ఇక కాలాల ధ్యానం, అంటే ఆ రుతువులో కళ్ల ముందు కనిపించేదాన్ని వాక్యంతో కలిపి ధ్యానించడం. ఈ ఏడాది అసలు పని ఇదే.

సంఘ క్యాలెండరుకు, ఆకాశం క్యాలెండరుకు అన్నిచోట్లా పొత్తు కుదరదు. శ్రమల కాలం (ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాలు), ఈస్టరు చుట్టూ అల్లుకున్న చిగుళ్ల పోలికలు, క్రిస్మస్ చుట్టూ ఉన్న మంచు పోలికలు భూగోళం పైసగంలోని చలిదేశాలవి. భూమధ్యరేఖకు దిగువన దూరంగా ఉన్నవారికి ఈస్టరు ఆకురాలే కాలంలో వస్తుంది, క్రిస్మస్ నడివేసవిలో వస్తుంది. ఎక్కడో తయారైన ధ్యాన పుస్తకం తెచ్చి, కళ్ల ముందు లేనిదాన్ని ఊహించుకోమంటే అది ధ్యానం అవదు, నాటకం అవుతుంది. కాబట్టి కూడిక నడిపించేవారు అంతకు ముందే ఒకసారి ఆ చోటికి వెళ్లి, ఆ వారం అక్కడ నిజంగా ఏముందో చూసి రావాలని నియమం పెట్టుకున్నాం. ఎండిన గడ్డి ఉంటే ఎండిన గడ్డి గురించే మాట్లాడాలి. "గడ్డి యెండిపోవును, దాని పువ్వు వాడిపోవును" అన్న యెషయా మాటకు అంతకంటే మంచి చోటు దొరకదు.

శ్రమల కాలంలో రాలిన ఆకుల మీద కూడిక జరిపాం. ఆకు రాలడమంటే చెట్టు ఓడిపోవడం అనుకుంటాం. ఆకును వదిలేముందు చెట్టు అందులోని నత్రజని, భాస్వరం వంటి పోషకాల్లో చాలా భాగం వెనక్కి తీసుకుంటుంది. తర్వాత తొడిమ మొదట్లో ఒక పొర ఏర్పడి, ఆకు అక్కడ తెగుతుంది. ఉపవాసంలో ఏం వదులుకుంటున్నాం అని మాత్రమే అడిగే అలవాటు మనది. వదిలేముందు ఏం దాచుకోవాలి అన్న ప్రశ్న ఆ రోజు చాలామందిని కదిలించింది. ఇటీవల భర్తను పోగొట్టుకున్న ఒక సోదరి ఆ ఆకును చేతిలో పట్టుకుని చేసిన ప్రార్థన ఇక్కడ రాయను. విన్నవారికి తెలుసు.

అందరూ కలిసి చీకట్లో బయట కూర్చోవాలన్న ఆలోచనకు ఈస్టరుకు ముందు వచ్చే పవిత్ర గురువారం రాత్రి సరిగ్గా కుదిరింది. 325లో నీకయా సభ ఈస్టరును సంఘాలన్నీ ఒకే రోజు జరుపుకోవాలని నిర్ణయించింది. తర్వాత స్థిరపడిన లెక్క ప్రకారం మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పౌర్ణమి దాటిన ఆదివారమే ఈస్టరు. అందుకే అది మార్చి 22కీ ఏప్రిల్ 25కీ మధ్య అటూ ఇటూ జరుగుతూ ఉంటుంది. దానివల్ల పవిత్ర గురువారం రాత్రి ఎప్పుడూ పౌర్ణమికి దగ్గర్లోనే పడుతుంది. గెత్సేమనే తోటలో యేసును పట్టుకున్న రాత్రీ అంతే, పస్కా పండుగ పౌర్ణమి వేళదే. మరి అంత వెన్నెల్లో సైనికులు దివిటీలు, దీపాలు ఎందుకు పట్టుకొచ్చారు? యోహాను సువార్త చదువుతుండగా ఒక కుర్రాడు అడిగాడు. చెట్ల కింద నీడ ఎంత చిక్కగా ఉంటుందో చూపించడానికి మేం ఏమీ చేయనక్కర్లేకపోయింది, అందరం ఆ నీడలోనే కూర్చున్నాం. "ఒక్క గంట మేల్కొని ఉండలేరా" అన్న మాట దగ్గర కొందరు నిజంగానే కునుకు తీశారు. దానికి క్రమశిక్షణ చర్యలేమీ తీసుకోలేదు.

ఈస్టరు ఆరాధన ఇంకా చీకటి ఉండగానే మొదలైంది. ఈ పద్ధతి జర్మనీలోని హెర్న్‌హుట్‌లో 1732లో మొరేవియన్ అనే ప్రొటెస్టంట్ శాఖకు చెందిన యువకులు శ్మశానంలో తెల్లవారుజామున కూడి పాడినప్పటి నుంచి ప్రపంచమంతా పాకింది. మనం ఈసారి పాట ఆలస్యంగా మొదలుపెట్టాం. ముందు పక్షులను పాడనిచ్చాం. తెల్లవారకముందు పక్షులు అంత గట్టిగా కూయడానికి కారణాలు పరిశోధకులు రకరకాలుగా చెబుతారు. ఆ మసక వెలుతురులో మేత వెతకడం కష్టం, గాలి నిలకడగా ఉంటుంది కాబట్టి కూత దూరం పోతుంది అన్నవి వాటిలో ఉన్నాయి. పుట్టువెలుగు వచ్చాక మగ్దలేనే మరియ కథ చదివాం. ఆమె యేసును తోటమాలి అనుకున్న చోట చదివేవారు కాసేపు ఆగారు. హాలులో ఎన్నిసార్లు విన్నా ఆ మాట అంతగా పట్టలేదని చాలామంది అన్నారు.

ఆరోహణ పండుగకు ముందు రోజుల్లో పొలాల గట్ల వెంట ప్రార్థన నడక చేశాం. దాదాపు 470లో గాల్ దేశంలోని (నేటి ఫ్రాన్స్) వియెన్ బిషప్ మమెర్తుస్ మొదలుపెట్టిన పద్ధతి ఇది. అంతకుముందు భూకంపాలు, అగ్నిప్రమాదాలతో ఆ ఊరు వణికిపోయింది. మన నడకలో చర్చ మాత్రం, గోధుమగింజ భూమిలో పడి చస్తేనే విస్తారంగా ఫలిస్తుందన్న యేసు మాట మీదికి మళ్లింది. గింజ చచ్చిపోతే మొలవదు కదా అని వ్యవసాయ శాస్త్రం చదివిన ఒక సభ్యురాలు అన్నారు. నానబెట్టిన గింజలు చీల్చి చూపించారు. నీరు పీల్చి ఉబ్బడం, పొట్టు పగలడం, ముందుగా వేరు బయటికి రావడం, దాచుకున్న ఆహారమంతా మొలకకు కరిగిపోవడం కళ్లారా చూశాం. యేసు చెప్పింది ప్రయోగశాల నివేదిక కాదు, పాతిపెట్టాక గింజ మునుపటి రూపంలో మళ్లీ కనిపించదన్న సంగతి రైతులందరికీ తెలుసని పాస్టరుగారు బదులిచ్చారు. ఇద్దరి మాటా నిజమే. ఆ గింజ చీల్చి చూశాక ఆ వచనం నాకు ఇంకా బరువుగా తోచింది.

పరిశుద్ధాత్మ బలమైన గాలి ధ్వనితో దిగివచ్చిన రోజును తలచుకునే పెంతెకొస్తు కూడిక గురించి క్లుప్తంగా చెబుతాను. గాలి గురించి ధ్యానం అనుకున్నాం, గాలి మా కాగితాలన్నీ ఎగరేసింది. ఇకమీదట పాటలు, వాక్యాలు కంఠస్థమైనవే వాడతాం.

సెప్టెంబర్ 1 నుంచి అక్టోబర్ 4 వరకు చాలా సంఘాలు సృష్టి కాలంగా పాటిస్తాయి. సెప్టెంబర్ 1ని సృష్టి కోసం ప్రార్థించే రోజుగా 1989లో కాన్‌స్టాంటినోపుల్ పాట్రియార్క్ (ఆర్థడాక్స్ సంఘాల అగ్రపీఠాధిపతి) మొదటి దిమిత్రియోస్ ప్రకటించారు. 2015లో పోప్ ఫ్రాన్సిస్ కథోలికులకూ ఆ రోజును వర్తింపజేశారు. అక్టోబర్ 4 అస్సీసీ ఫ్రాన్సిస్ పండుగ. ఈ కాలంలో వానలోనూ ఒక కూడిక జరిగింది. పిడుగుల భయం లేని సన్నటి వానే. తడిసిన నేల వాసన మీద ధ్యానించాం. ఆ వాసనకు 1964లో ఇద్దరు శాస్త్రవేత్తలు పెట్రికోర్ అని పేరు పెట్టారు. అందులో నేలలోని సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థానిది పెద్ద పాత్ర. కంటికి కనిపించని జీవుల పని మనకు వాసనగా అందుతోందన్నమాట. పిల్లలు ఆ విషయాన్ని పెద్దలకంటే త్వరగా పట్టుకున్నారు. అసలు ఈ కూడికల్లో పిల్లలను విడిగా ఒక మూలకు పంపకపోవడం ఈ ఏడాది తీసుకున్న మంచి నిర్ణయం. వారికి పెట్టిన నియమం ఒక్కటే: రాలినవే ఏరాలి, వెళ్లేటప్పుడు తిరిగి అక్కడే వదలాలి.

ఆ కాలంలోనే మొక్కలు నాటుదామన్న ప్రతిపాదన వచ్చింది. ఫొటో కోసం నాటి, నీళ్లు పోసే దిక్కులేక ఎండిపోయే మొక్కలు లోకంలో ఇప్పటికే చాలా ఉన్నాయి. నీళ్ల బాధ్యత పేరుపేరునా తీసుకున్నవారికే మొక్క ఇచ్చాం. కాబట్టి నాటినవి తక్కువ.

క్రిస్మస్ కోసం ఎదురుచూసే ఆగమన కాలంలో రాత్రి ఆకాశం కింద కూడాం. యోబు గ్రంథంలో దేవుడు కృత్తిక నక్షత్రాలను నువ్వు బంధించగలవా, మృగశిర కట్లు విప్పగలవా అని అడుగుతాడు. డిసెంబర్ రాత్రుల్లో ఆ రెండూ జనం ఉండే దాదాపు ప్రతి చోటి నుంచీ కనిపిస్తాయి. కళ్లు చీకటికి అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక్కరు ఫోను వెలిగిస్తే మళ్లీ మొదటికే. కాబట్టి ఫోన్లు సంచిలో వేయించాం. దీనికి కొందరు టెన్షన్ పడ్డారు. కృత్తికలు సుమారు 440 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాయి. ఎదురుచూడటం గురించి ఆ రాత్రి వేరే ప్రసంగం అవసరం పడలేదు.

భద్రత విషయంలో ఈసారి కచ్చితంగా ఉన్నాం. ఉరుము వినిపిస్తే ఆరాధన ఆపి పక్కా భవనంలోకో, మూసిన వాహనంలోకో వెళ్లాలి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి. చెట్టు కింద తలదాచుకోకూడదు. ఎండాకాలంలో కొవ్వొత్తులు, నిప్పు పూర్తిగా నిషేధం. ప్రభు సంస్కారంలో రొట్టెకు, పాత్రకు మూతలు తప్పనిసరి చేశాం. స్థలం యజమాని అనుమతి రాతపూర్వకంగా తీసుకున్నాకే తేదీ ప్రకటిస్తున్నాం. నోటిమాట మీద నమ్మకం పెట్టుకుంటే ఒకచోట చివరి నిమిషంలో గేటు తెరుచుకోలేదు. మోకాళ్ల నొప్పులున్నవారికి, చక్రాల కుర్చీ వాడేవారికి అనువైన చోట్లు ఇంకా తక్కువగానే ఉన్నాయి. అందమైన చోటా, అందరూ చేరగల చోటా వేరువేరైతే రెండోదాన్నే ఎంచుకోవాలని నా అభిప్రాయం. కార్యవర్గంలో దీనిమీద ఏకాభిప్రాయం లేదు.

రాబోయే సర్వసభ్య సమావేశంలో మీ నిర్ణయానికి పెడుతున్నవి ఇవి. మైకు వద్దన్న నియమాన్ని కొనసాగించాలా, పెద్దల కోసం చిన్న చేతిమైకును అనుమతించాలా అన్నది మొదటిది. కూడికలన్నీ ఏడాది పొడవునా ఒకే చోట జరపాలన్నది రెండోది. ఒకే చెట్టు చిగురించడం, పూయడం, రాలడం చూడాలంటే అదే దారి, కానీ దూరం నుంచి వచ్చేవారికి కష్టం. చేరుకోవడానికి వీలులేని చోట్లను జాబితా నుంచి తీసేయాలన్నది మూడోది. అభ్యంతరాలు, సవరణలు ఉన్నవారు సమావేశానికి ముందే రాతపూర్వకంగా కార్యవర్గానికి అందించగలరు.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి