హౌస్ సర్జన్లకు ప్లాస్టిక్ సర్జరీ వార్డు చూపించండి

సంపాదకులకు,

ప్లాస్టిక్ సర్జరీ కోర్సు తీసుకుంటారా అని ఎంబీబీఎస్ పిల్లలను అడిగితే, ముక్కు దిద్దడం, జుట్టు నాటడం, మంచి సంపాదన అంటారు కొందరు. ఐదున్నరేళ్ల ఎంబీబీఎస్, మూడేళ్ల ఎంఎస్ (సర్జరీ పీజీ), పైన ఇంకో మూడేళ్ల ఎంసీహెచ్ (సూపర్ స్పెషాలిటీ), అంత చదువు ఎవరివల్ల అవుతుందంటారు ఇంకొందరు. ఎంబీబీఎస్ తర్వాత నేరుగా చేరే ఆరేళ్ల డీఆర్‌ఎన్‌బీ (జాతీయ పరీక్షల బోర్డు నడిపే) కోర్సు ఉంది. ఏళ్లు తగ్గవు గానీ మధ్యలో ఇంకో ప్రవేశ పరీక్ష బెడద తప్పుతుంది. ఆ సంగతి ఎవరూ వాళ్ల చెవిన వేయరు.

ప్లాస్టిక్ సర్జరీ వార్డులో అడుగుపెట్టకపోవడమే ఈ అపోహలకు మూలం. అక్కడ ఉండేది గ్రహణం మొర్రి పిల్లలు, స్టవ్ మంటలకు కాలినవాళ్లు, యాక్సిడెంట్‌లో కాలి ఎముక బయటపడ్డవాళ్లు. తొడ మీద నుంచి ఉల్లిపొరలా తీసిన చర్మాన్ని పుండు మీద పరుస్తారు. మొదటి రెండు రోజులు దానికి రక్తప్రసారం ఉండదు, కింద ఊరే ద్రవంతోనే బతుకుతుంది. ఆ తర్వాతే రక్తనాళాలు కలుస్తాయి. ఐదో రోజు కట్టు విప్పితే గులాబీ రంగులో ఉందా, పట్టినట్టే. నల్లబడిందంటే కింద రక్తం గూడుకట్టిందో, చీము పట్టిందో, కట్టు వదులై చర్మం జరిగిందో. ఆ కట్టు విప్పేటప్పుడు పక్కన నిలబడిన విద్యార్థి ఈ కోర్సు సంగతి తనంతట తానే అడుగుతాడు.

ఈ కోర్సు తీసుకోనివాళ్లకూ ఈ వార్డు అవసరమే. మిషన్‌లో వేలు తెగినవాడు ముందు వచ్చేది పీహెచ్‌సీకే. తెగిన వేలిని సెలైన్‌తో కడిగి, సెలైన్‌లో తడిపి పిండిన గాజుగుడ్డలో చుట్టి, కవర్లో పెట్టి మూతి బిగించి, ఆ కవర్‌ను ఐసు, నీళ్లు కలిపిన డబ్బాలో ఉంచాలి. నేరుగా ఐసులో వేస్తే కణజాలం గడ్డకట్టి పాడవుతుంది, స్పిరిట్‌లో వేస్తే రక్తనాళాలు చెడిపోతాయి. అప్పుడు మైక్రోస్కోప్ కింద వెంట్రుక కన్నా సన్నని దారంతో కుట్టేవాడున్నా ఏమీ చేయలేడు. సరిగ్గా చల్లగా ఉంచిన వేలికి దాదాపు ఒక రోజు గడువుంటుంది. మణికట్టు పైన తెగితే త్వరగా చెడిపోయే కండ ఉంటుంది కాబట్టి, చల్లబరచకపోతే ఆరు గంటలే.

ఎంబీబీఎస్ చివర ఆసుపత్రిలో చేసే హౌస్ సర్జన్సీలో రెండు వారాల పాటు కాలిన గాయాల వార్డులోనూ, ప్లాస్టిక్ సర్జరీ థియేటర్‌లోనూ తప్పనిసరిగా డ్యూటీ వేయాలి. ఆ విభాగం లేని కాలేజీలు తమ విద్యార్థులను దగ్గరి బోధనాసుపత్రికి పంపాలి. వచ్చే బ్యాచ్ నుంచే ఇది మొదలుపెట్టాలని ఆరోగ్య విశ్వవిద్యాలయాలను కోరుతున్నాం.

– ప్లాస్టిక్ సర్జరీ అధ్యాపకులు, విశాఖపట్నం