దేవునికీ, మా బాబాయికీ కృతజ్ఞతలు

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. నాన్నగారు డెంగీ నుంచి కోలుకుని ఇంటికి వచ్చేశారు. ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన కణాలు) లక్ష దాటాయి. అన్నం తింటున్నారు, చేలో నీళ్లు పెట్టారా అని అడుగుతున్నారు. దేవునికి స్తోత్రం.

రాజమండ్రిలో ఆసుపత్రిలో ఉండగా కౌంటు 10,000 కిందికి పడిపోయి, చిగుళ్ల నుంచి రక్తం రావడం మొదలైంది. ఒకే మనిషి నుంచి మెషీన్‌తో తీసే ప్లేట్‌లెట్లు వెంటనే కావాలన్నారు డాక్టరుగారు. ప్లేట్‌లెట్లు 5 రోజులకు మించి నిల్వ ఉండవు. పైగా వానలు, ఎటు చూసినా జ్వరాలే. బ్లడ్ బ్యాంకులో ఉన్నవి అయిపోయాయి. మెసేజ్ చూసి పరుగెత్తుకొచ్చిన మన చర్చి సంఘం కుర్రాళ్లలో ఒకరికి నరం సన్నం, ఇంకొకరు ఒళ్లునొప్పుల మాత్ర వేసుకుని ఉన్నారు. ఇద్దరినీ వద్దన్నారు. ఆ రాత్రి అమ్మ పడ్డ టెన్షన్ మాటల్లో చెప్పలేను.

అప్పుడు వచ్చారు బాబాయ్. నాన్నగారికి చిన్నాన్న కొడుకు. పొలానికి నీళ్లు పారే బోదె దగ్గర మొదలైన గొడవతో మా రెండిళ్ల మధ్య ఏళ్లుగా మాటల్లేవు. ఆయనకి కోపం ముక్కు మీదే ఉంటుందని ఊరంతా అంటారు. (ఈ సంగతులన్నీ దాచకుండా రాయమన్నది ఆయనే. పేరు మాత్రం వద్దన్నారు.) రాత్రి ప్రార్థనలో "లేచి వెళ్లు" అని మనసులో గట్టిగా అనిపించిందట. వినకుండా పడుకున్నారట. నిద్ర పట్టక లేచి, బండి తీసి, కొవ్వూరు బ్రిడ్జి దాటి వచ్చేశారు. నాన్నగారిదీ ఆయనదీ ఒకటే గ్రూపు, టెస్టులన్నీ సరిపోయాయి. గంటకు పైగా మెషీన్ పక్కన చెయ్యి చాపి పడుకున్నారు.

అప్పటినుంచి నాకు బైబిల్లోని యోనా ప్రవక్తే గుర్తొస్తున్నాడు. దేవుడు నీనెవె పట్టణానికి వెళ్లి హెచ్చరించమంటే, తప్పించుకుని తర్షీషుకు పోయే ఓడ ఎక్కినవాడు. రెండోసారి చెప్పాక వెళ్లాడు గానీ, ఆ ఊరు బతికిపోయినందుకు కోపగించుకున్నాడు. అయినా 1,20,000 మందికి పైగా ఉన్న పట్టణానికి దేవుని మాట అందింది అతని నోటితోనే. యోనా కోపం చల్లారేదాకా దేవుడు ఆగి ఉంటే వాళ్ల గతేమిటి? పట్టణం నాశనమయ్యేలోపు వాళ్లకున్న గడువు 40 రోజులు. మా నాన్నగారికి అంత కూడా లేదు. మనుషులు మంచివాళ్లయ్యాక వాడుకుందాంలే అని దేవుడు కూర్చోడని నేను నమ్ముతున్నాను. మాట విని కదిలేవాళ్లు చాలు ఆయనకి. మా బోదె తగువు ఈరోజుకీ తేలలేదు. అది తేలాక చూద్దామని బాబాయ్ ఆగలేదు.

రాత్రంతా నిలబడిన నర్సులకు, బ్లడ్ బ్యాంకు టెక్నీషియన్‌గారికి, ఉపవాసం ఉండి ప్రార్థించిన అయ్యగారికి, పూటపూటా క్యారియర్ పంపిన స్త్రీల సమాజానికి మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉన్నాం.

మన సంఘంలో బ్లడ్ గ్రూపుల లిస్టు రాయడం మొదలుపెట్టాం. 18 ఏళ్లు నిండి, 50 కిలోలు దాటినవాళ్లు ఆదివారం ఆరాధన అయ్యాక పేరు, ఫోన్ నంబరు ఇచ్చి వెళ్లండి. మొదటి పేరు బాబాయ్‌దే రాశాం.