పంపు కేసింగుల కస్టమర్లకు: బ్లోహోల్స్ మీద ఈ నెల మేం చేస్తున్న పని

విశాఖ ఆటోనగర్‌లోని మా ఫౌండ్రీ నుంచి గ్రే ఐరన్ కేసింగులు తీసుకునేవారందరికీ.

మెషినింగ్‌లో బయటపడుతున్న బ్లోహోల్స్, అంటే పోతలో ఆవిరి చిక్కుకుని మిగిలే రంధ్రాలు, మా అచ్చు ఇసుక దగ్గర పుట్టినవే. మీ లేతు తప్పు కాదు. ఇన్నాళ్లూ ఒక్కో లోపానికి ఒక్కో మందు వేశాం, అక్కడే దెబ్బతిన్నాం. తేమ తగ్గిస్తే బ్లోహోల్స్ తగ్గుతాయి, కానీ అచ్చు అంచులు రాలి ఇసుక పోతలో కలుస్తుంది. అంచులు నిలవాలని ర్యామింగ్ (ఇసుకను దట్టించడం) గట్టిగా చేస్తే ఆవిరి పోయే దారి మూసుకుపోతుంది. మిల్లీలీటరు నీరు ఆవిరైతే దాదాపు 1.7 లీటర్లు. బయటికి దారి లేకపోతే అది లోహంలోకే దూరుతుంది.

అందుకే నాలుగు అంశాలనూ కలిపి మార్చే టాగుచి ఎల్9 పట్టిక (తక్కువ ప్రయోగాలతో పని జరిగేలా అమర్చిన పట్టిక) పట్టుకున్నాం. తేమ 3, 3.5, 4 శాతం; బెంటొనైట్ (ఇసుకను పట్టి ఉంచే బంకమట్టి) 6, 8, 10 శాతం; అచ్చు గట్టిదనం, గట్టిదనం కొలిచే మీటరు బి స్కేలు మీద 75, 80, 85; పోత వేడి 1340, 1380, 1420 డిగ్రీల సెల్సియస్. అన్ని కలయికలూ పోస్తే 81. ఈ పట్టికలో 9 చాలు, ఎందుకంటే ప్రతి స్థాయీ మూడుసార్లు వస్తుంది, ఆ మూడింటిలోనూ మిగతా అంశాల మూడు స్థాయిలూ తలా ఒకసారి ఎదురవుతాయి.

ఈ పొదుపు ఉత్తినే రాలేదు. తేమా బెంటొనైటూ జంటగా చేసే ప్రభావం ఇందులో విడిగా కనబడదు, వేరే అంశం లెక్కలో కలిసిపోతుంది. పైగా పట్టికలోని నాలుగు నిలువు వరుసలూ ఈ నాలుగు అంశాలతోనే నిండిపోవడంతో ఏది నిజమైన తేడానో, ఏది రోజువారీ ఊగిసలాటో తేల్చడానికి చోటు మిగల్లేదు. కాబట్టి ఒక్కో ప్రయోగాన్ని రెండు వేర్వేరు హీట్లలో (కొలిమిలో ఒక విడత కరిగించిన లోహం ఒక హీటు), హీటుకు 10 చొప్పున పోస్తున్నాం. మొత్తం 180 కేసింగులు. ఏది ముందు పోయాలో చీటీలు తీసి తేలుస్తున్నాం, లేకపోతే ఉదయం ఇసుకకూ మధ్యాహ్నం ఇసుకకూ ఉన్న తేడా ఏదో ఒక అంశం నెత్తిన పడుతుంది.

అసలు తలనొప్పి కొలతలో ఉంది. వాడి తిరిగొచ్చిన ఇసుక 50 డిగ్రీలు దాటి ఉంటే మిల్లర్ (ఇసుక కలిపే యంత్రం) దగ్గర 3.5 చూపిన తేమ మౌల్డింగ్ చోటికి చేరేసరికి తగ్గిపోతుంది. అందుకే ఇప్పుడు ఇసుకను చల్లార్చాకే మిల్లర్‌లో వేస్తున్నాం, తేమను మాత్రం అచ్చు కొట్టే చోటే చూస్తున్నాం. లాడిల్‌లో (కరిగిన లోహం పోసే గిన్నెలో) మొదటి అచ్చుకూ చివరిదానికీ వేడి ఒకటి కాదు, కనుక ప్రయోగపు పోతల్లో లాడిల్‌కు నాలుగే అచ్చులు, ప్రతి లాడిల్‌లోనూ వేడి కొలిచే పైరోమీటర్ ముంచి చూస్తాం.

లోపాలను కలిపి ఒక్క శాతంగా చెప్పం. బ్లోహోల్స్, ఇసుక చేరిక, కోల్డ్ షట్ (లోహపు ధారలు సరిగా కలవక మిగిలే గీత) విడివిడిగా రాస్తున్నాం. 20లో ఒక్క కేసింగు అంటేనే 5 శాతం, కాబట్టి చిన్న తేడాలను నమ్మం. మంచిదనిపించిన సెట్టింగుతో మరో 60 పోసి అది నిలిస్తేనే మారతాం. మందమైన బాస్ (ఉబ్బెత్తు భాగం) దగ్గర లోహం గట్టిపడేటప్పుడు కుంచించుకుని వచ్చే ష్రింకేజీ ఇందులో తేలదు. అది అదనపు లోహం అందించే రైజర్ పని, దాన్ని వేరుగా చూడాలి.

డెలివరీ 12 రోజులు వెనక్కి జరుగుతుంది, ధర మారదు. ప్రయోగపు కేసింగుల ఫ్లాంజి మీద 1 నుంచి 9 వరకు అంకె ఉంటుంది. కంటికి బాగున్నా, మీరు సరేననకుండా వాటిని లోడులో కలపం. తీసుకునేవారు ఒక్క సాయం చేయాలి. లోహపు పైపొర కింద దాగిన రంధ్రాలు టూల్ తగిలితేగానీ బయటపడవు. అలాంటివి కనిపిస్తే అంకె, ఏ ముఖం, ఎంత లోతులో అన్నవి రాసి ముక్కతో సహా వెనక్కి పంపండి. రవాణా ఖర్చు మాదే.