యూదుల ఏకేశ్వరవాదం ఒక్కనాటిది కాదు

సంపాదకులకు,

అయ్యా,

గత ఆదివారం మీ అనుబంధంలో ప్రాచీన మతాలపై వచ్చిన వ్యాసంలో, అబ్రాహాము కాలం నుంచీ యూదులు ఒక్క దేవుణ్ణే ఎరిగినవారని, అన్యదేవతారాధన వారికి పొరుగువారి నుంచి అంటుకున్న జాడ్యమని రాశారు. బైబిలు చదివే కుటుంబాలు హన్మకొండ, కాజీపేటల్లో చాలానే ఉన్నందున ఈ మాటపై ఇక్కడ బాగానే చర్చ జరిగింది. విశ్వాసం జోలికి పోకుండా, చరిత్రగా చూస్తే మాత్రం ఆ వాదం నిలవదని చెప్పదలిచాను.

సీనాయి ఎడారిలోని కుంతిల్లెట్ అజ్రూద్ వద్ద 1975–76లో జరిగిన తవ్వకాల్లో పెద్ద మట్టి బానలు బయటపడ్డాయి. సుమారు క్రీ.పూ. 800 నాటి ఆ బానల మీద, షోమ్రోను (ఉత్తర ఇశ్రాయేలు రాజధాని) యెహోవా పేరిటా, ఆయన అషేరా పేరిటా దీవెనలు రాసి ఉన్నాయి. ఆ అషేరా దేవతే అని కొందరు పండితులు, ఆమెకు గుర్తుగా నిలిపిన కొయ్యస్తంభమని మరికొందరు అంటారు. ఏదైనా సరే, దీవెనలో యెహోవా ఒంటరిగా లేడు. రెండవ రాజుల గ్రంథం 23వ అధ్యాయం ప్రకారం, యూదా రాజు యోషీయా క్రీ.పూ. 622 ప్రాంతంలో అషేరా ప్రతిమను బయటికి తీయించింది ఏ పల్లె చివరి గుట్ట మీది నుంచో కాదు, సాక్షాత్తు యెరూషలేము మందిరం నుంచే. ఆ దేవికి వస్త్రాలు నేసే స్త్రీలకు మందిరంలోనే చోటుండేదని కూడా అదే గ్రంథం చెబుతుంది.

అంతకన్నా బలమైన సాక్ష్యం యిర్మీయా గ్రంథం 44వ అధ్యాయంలో ఉంది. యెరూషలేము కూలిన తర్వాత ఐగుప్తుకు వలసపోయిన యూదులు ప్రవక్తకు ఎదురుతిరిగి, మా తండ్రులూ రాజులూ అధిపతులూ ఆకాశరాణి అనే దేవతకు ధూపం వేసినంతకాలం మాకు తిండికి లోటు లేదు, అది మానేసిన నాటి నుంచే ఈ కరువూ కత్తీ వచ్చాయి అంటారు. మా భర్తలకు తెలియకుండానే ఆమెకు పిండివంటలు చేశామా అని ఆడవాళ్లు నిలదీస్తారు. ఇది అరువు తెచ్చుకున్న ఆరాధన గురించి మాట్లాడే తీరు కాదు, ఇంటి ఆచారాన్ని కాపాడుకునే తీరు. అస్వాన్ దగ్గర నైలు నదిలోని ఎలిఫెంటైన్ దీవిలో కాపలా సైనికులుగా స్థిరపడిన యూదుల చందాల పట్టీ ఒకటి దొరికింది. క్రీ.పూ. 400 ప్రాంతానికి చెందిన ఆ పట్టీలో యాహోకు, అంటే యెహోవాకు 126 షెకెళ్ల వెండి, అనత్‌బేతేలు, ఎషెమ్‌బేతేలు అనే వేరే దేవతలకు 120, 70 షెకెళ్లు అని లెక్క తేల్చి రాశారు.

మన పద్మాక్షి గుట్ట మీద జైన శిల్పాలను చూస్తూనే అమ్మవారికి మొక్కేవారికి, ఒకే చోట ఆరాధనలు పొరలు పొరలుగా పేరుకుంటాయని వేరే చెప్పనక్కర్లేదు.

అయితే, పలు దేవతల నుంచి ఒక్క దేవుడి వైపు జరిగిన ఈ మార్పంతా పారసీకుల నుంచి అరువు తెచ్చుకున్నదని అదే అనుబంధంలో ఒక పాఠకుడు చేసిన వాదన కూడా సరికాదు. పారసీకులు బబులోనును పట్టుకున్నది క్రీ.పూ. 539లో, యోషీయా సంస్కరణలు అంతకు ఎనభై ఏళ్ల ముందువి. నా దృష్టిలో అసలు మలుపు ఓటమి. దేశం ఓడితే ఆ దేశపు దేవుడూ ఓడినట్లేనని నాటి లోకం భావించేది. క్రీ.పూ. 586లో బబులోను సేనలు యెరూషలేము మందిరాన్ని కాల్చేశాక యూదు ప్రవక్తలు ఈ లెక్కను తలకిందులు చేసి, బబులోను రాజు మా దేవుడి చేతిలో కర్ర మాత్రమేనన్నారు. అన్ని జాతులనూ ఏలేవాడైతేనే ఆ మాట చెల్లుతుంది. అందుకే పది ఆజ్ఞల్లో ‘నేను తప్ప వేరే దేవుడు నీకు ఉండకూడదు’ అన్నంతవరకే ఉన్న మాట, యెషయా 45వ అధ్యాయానికి వచ్చేసరికి, వేరే దేవుడే లేడన్నంత దూరం పోయింది.

యెహెజ్కేల్ కౌఫ్‌మన్ వంటి గొప్ప పండితుడు దీనిని ఒప్పుకోలేదన్న సంగతి నాకు తెలుసు. దేవుడి పుట్టుక, పెళ్లి వంటి కథలు బైబిల్లో లేకపోవడమే ఆయన ప్రధాన ఆధారం. కానీ మనకు అందిన గ్రంథానికి తుదిరూపం ఇచ్చినవారు ఏకేశ్వరవాదులే కాబట్టి, అటువంటి కథలు వారి చేతిలో మిగలకపోవడం వింత కాదు. వ్యాసకర్త తదుపరి భాగంలో అజ్రూద్ బానలకూ, ఎలిఫెంటైన్ చందాల పట్టీకీ తమ సమాధానం ఏమిటో రాయాలని కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు,
హన్మకొండ