వ్యాను నీ చేతికిచ్చే ముందు

కన్నా,

"పదిహేను సీట్లున్నాయి, మూడు టన్నుల ట్రైలర్‌ని లాగుతుంది, ఇంకేం కావాలమ్మా" అన్నావు మొన్న ఫోన్లో. సీట్ల మాట నిజమే, లాగుడు మాటా నిజమే. రెండూ ఒకేసారి నిజం కావు. ఫోన్లో చెబితే ఊఁ కొట్టి వదిలేస్తావని రాసి పంపిస్తున్నాను. ఇన్నేళ్ళూ ఈ బండి నడిపిందీ, షెడ్డు చుట్టూ తిరిగిందీ నేనే. మీ నాన్నకు దీని గురించి తెలిసిందల్లా ఏ సీట్లో నిద్ర బాగా పడుతుందన్నదే.

ముందు డ్రైవరు వైపు తలుపు తెరిచి, లోపలి అంచున అంటించిన స్టిక్కరు చదువు. బండి, మనుషులు, సామాను, ట్యాంకులో ఇంధనం అన్నీ కలిపి ఎంత బరువు దాటకూడదో అందులో ఉంటుంది. దాంట్లోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలేదే నువ్వు ఎక్కించగలిగిన బరువు. మనిషికి 70 కిలోలు వేసుకున్నా పదిహేను మందికి 1,050 కిలోలు. తలా 15 కిలోల బ్యాగు తెచ్చుకుంటే ఇంకో 225. ఇక్కడికే చాలా బండ్లలో మిగులు దాదాపు అడుగంటుతుంది. ట్రైలర్ ఇంకా తగిలించనే లేదు.

ట్రైలర్‌కి సొంత చక్రాలున్నాయి కదా, దాని బరువు అదే మోసుకుంటుందిలే అనుకుంటారు చాలామంది. అంతా మోయదు. దాని బరువులో పది నుంచి పదిహేను శాతం ముక్కు మీదుగా మన హిచ్ మీద, అంటే వ్యాను వెనక ట్రైలర్‌ని తగిలించే చోట పడాలి, పడకపోతే అది నిలకడగా రాదు. అంటే 1,800 కిలోల ట్రైలర్ తగిలిస్తే 180 నుంచి 270 కిలోలు వ్యాను ఖాతాలోకే వస్తాయి. అదీ ఎక్కడ, అన్నిటికంటే వెనక. ఇక ఆ మూడు టన్నుల అంకె సాధారణంగా డ్రైవరు, పక్కన ఒకరు మాత్రమే ఉన్నారనుకుని వేసేది. బండీ ట్రైలరూ కలిపి దాటకూడని మొత్తం బరువు ఒకటుంది. ఇంకో పదిమందిని ఎక్కించావంటే లాగే బరువులోంచి 700 కిలోలు తీసెయ్యాల్సిందే. పుస్తకంలో ఈ మాట చిన్న అక్షరాల్లో ఉంటుంది, అంకె మాత్రం పెద్దగా వేస్తారు.

కాగితం లెక్కతో ఆగకు. అంతా ఎక్కించాక ఒకసారి కాటా మీదికి తీసుకెళ్ళు. ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలర్ ఇరుసు విడివిడిగా తూయించు. మొత్తం బరువు హద్దులోనే ఉండి వెనక ఇరుసు ఒక్కటే దాటిపోవడం ఇలాంటి బండ్లకు మామూలే. ఒక్కో ఇరుసుకు ఎంత ఓపిక ఉందో అదే స్టిక్కరు మీద రాసి ఉంటుంది, సరిచూసుకో.

ఇప్పుడు అసలు సంగతి, ఆఖరి వరస. మన బండిలో అది వెనక చక్రాలకు కూడా వెనకాల ఉంటుంది. అక్కడ నలుగురు కూర్చుంటే వెనక్కి దిగుతుంది, ముందు తేలికవుతుంది, బరువంతా కాస్త పైకీ జరుగుతుంది. బండి ఖాళీగా ఉన్నప్పుడు ఎంత చక్కగా మాట వింటుందో నువ్వు చూశావు. నిండాక అది వేరే బండి. ఇలాంటి పదిహేను సీట్ల వ్యాన్ల మీద అమెరికా రోడ్డు భద్రతా సంస్థ 2001లోనే హెచ్చరిక ఇచ్చింది. పదిమంది, అంతకు మించి ఎక్కినప్పుడు బోల్తా పడే రేటు దాదాపు మూడు రెట్లయిందని వాళ్ళ లెక్క. అలా చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది బెల్టు పెట్టుకోనివాళ్ళే. తర్వాత వచ్చిన బండ్లలో అదుపు తప్పకుండా చూసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు పెట్టారు, కొంత మేలు. అయినా బరువు ఎక్కడుందన్నది ఏ కంప్యూటరూ మార్చలేదు.

అందుకే ట్రైలర్ తగిలించే రోజు ఆఖరి సీటు ఊడదీసి ఇంట్లో పెట్టెయ్. ఇద్దరు పట్టుకుంటే వచ్చేస్తుంది. మనుషులంతా వెనక చక్రాలకు ముందే కూర్చోవాలి. టాపు మీద ఒక్క సంచి కూడా వద్దు. మీవాళ్ళు పదిహేను మందీ రావాల్సిందేనంటే, ట్రైలర్‌ని ఇంకో బండి లాగాలి. దీన్ని మాత్రం బేరం పెట్టకు.

టైర్ల సంగతి. కార్లకు 30, 35 పీఎస్ఐ గాలి కొట్టించి అలవాటైన చేయి నీది. ఇలాంటి పెద్ద వ్యాన్లలో వెనక టైర్లకు 80 దాకా అడిగేవి ఉన్నాయి. ముందుకొక అంకె, వెనక్కొక అంకె, రెండూ స్టిక్కరు మీదే ఉంటాయి. పొద్దున్నే బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడు. గాలి కొట్టే కుర్రాడు నాలుగు టైర్లకీ ఒకటే కొట్టేస్తానంటాడు, పక్కనే నిలబడు. కొనేటప్పుడు కారు టైర్లు చవకని పెట్టించుకోకు, బరువు బండ్ల కోసం చేసినవే ఉండాలి. టైరు పక్కన డాట్ అనే అక్షరాల వరస చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో ఇరవై మూడో వారంలో తయారైందని. గాట్లు బాగానే ఉన్నాయి కదా అని ఆ తేదీని వదిలెయ్యకు, రబ్బరు నిలబెట్టినా ముసలిదవుతుంది. స్టెప్నీ బండి కిందే వేలాడుతూ ఉంటుంది కాబట్టి దాన్ని ఎవరూ చూడరు. నువ్వు చూడు.

హిచ్ దగ్గర ఒక విషయం కళ్ళతో చూస్తే తెలియదు. హిచ్ మీదుండే ఇనప గుండు బాల్, దాని మీద కూర్చునే ట్రైలర్ ముక్కు చివరి కప్పు కప్లర్. బాల్ సైజులు రెండు మూడు రకాలుంటాయి. రెండు అంగుళాల బాల్ మీద రెండుంబావు దాటిన కప్లర్ పెడితే చక్కగా కూర్చుంటుంది, గొళ్ళెం కూడా పడుతుంది. మొదటి గతుక్కి ఎగిరి ఊడిపోతుంది. సైజు బాల్ మీద చెక్కి ఉంటుంది, కప్లర్ మీదా ఉంటుంది. రెండూ చదివి, గొళ్ళెం వేసి, పిన్ను పెట్టాక, ట్రైలర్ ముందు జాకీని కిందికి తిప్పి ముక్కును పైకి లేపి చూడు. దాంతోపాటు వ్యాను వెనక భాగం కూడా లేస్తే పట్టుకున్నట్టు. కప్లర్ ఒక్కటే పైకొస్తే పట్టుకోనట్టు. గొలుసులు రెండూ కింద కత్తెర వేసినట్టు తగిలించు. ఖర్మకాలి కప్లర్ ఊడితే ముక్కు రోడ్డును తాకకుండా ఆ కత్తెర మీద ఆగుతుంది. ట్రైలర్‌కి సొంత బ్రేకులుండాలి, ఆ బరువుకి అది తప్పదు. ట్రైలర్ ఊడిపోతే ఆ బ్రేకులు వాటంతట అవే పడేలా చేసే తీగ కూడా ఉంటుంది, దాన్ని బండికి కట్టు, గొలుసుకి కాదు.

ట్రైలర్‌లో సామాను సర్దేటప్పుడు సగం కంటే ఎక్కువ, అరవై శాతం అనుకో, ఇరుసుకు ముందుండాలి. వెనక బరువు పెడితే అది ఊగడం మొదలుపెడుతుంది. మన బండికి వెనక చక్రాల నుంచి బాల్ దాకా దూరం ఎక్కువ, అందుకని ట్రైలర్ కొంచెం తోసినా వ్యాను తోక కదులుతుంది. పక్క నుంచి లారీ దూసుకెళ్ళినప్పుడు, దిగుడు రోడ్లో వేగం పెరిగినప్పుడు ఇది తెలుస్తుంది. అప్పుడు నీ కాలు బ్రేకు మీదికి పోతుంది. పోనివ్వకు. స్టీరింగు అటూ ఇటూ తిప్పి సరిచెయ్యాలనీ చూడకు, ప్రతి తిప్పుడూ ఊపును పెంచుతుంది. స్టీరింగు తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ వదిలెయ్. డ్యాష్‌బోర్డు కింద ట్రైలర్ బ్రేకు పెట్టె ఉంటుంది కదా, దాని మీటను చేత్తో మెల్లగా నొక్కు. ట్రైలర్ వెనక్కి గుంజుకుని దారికి వస్తుంది. ఆగాక, ఎందుకు ఊగిందో తేల్చుకుని సామాను మళ్ళీ సర్దు. చాలా ట్రైలర్ టైర్లు గంటకు 105 కి.మీ. కోసం చేసినవే, రోడ్డు ఖాళీగా ఉందని అంతకు మించి పోకు.

ఘాట్ దిగేటప్పుడు పైనే గేరు తగ్గించెయ్, ఇంజనే బండి వేగాన్ని పట్టి ఆపుతుంది. బ్రేకు మీదే కాలు ఉంచితే కాలిన వాసన వస్తుంది, ఆ తర్వాత ఎంత తొక్కినా పట్టదు.

షెడ్డు సంగతి కొంచెం. ఈ బండికి ఇంజన్ సగం లోపలే, ముందు సీట్ల మధ్య ఆ గూడు కింద ఉంటుంది. వెనక ప్లగ్గులు మార్చాలన్నా గూడు ఎత్తాల్సిందే. ఎత్తిన ప్రతిసారీ కూలీ పడుతుంది కాబట్టి ఒకసారి తీసినప్పుడే అక్కడ చెయ్యాల్సినవన్నీ చేయించు: ప్లగ్గులు, గొట్టాలు, వైర్లు. వెనకవాళ్ళకు వేరే ఏసీ ఉంది. దాని పైపులు బండి కింద నుంచి వెళ్తాయి, తుప్పు పట్టి కారేది అక్కడే. గేర్‌బాక్సుకు పెద్ద శత్రువు వేడి, లాగుడు పెరిగితే వేడీ పెరుగుతుంది. ఆయిలు మామూలు గడువు కంటే ముందే మార్చు. ఎర్రగా ఉండాల్సింది గోధుమ రంగుకు తిరిగి మాడు వాసన వస్తే ఇంక ఆలస్యం చేయకు. బ్రేకు ఆయిలు గాలిలో తేమ పీలుస్తుంది, రెండేళ్ళకోసారి మార్పించు. ట్రైలర్ చక్రం తీసి బిగించాక ఎనభై, వంద కిలోమీటర్లు తిరిగి మళ్ళీ నట్లు బిగించి చూడు. దారిలో ఆగినప్పుడల్లా దాని హబ్బు మీద, అంటే చక్రం నడిమధ్యన చెయ్యి పెట్టు. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చెయ్యి పెట్టనివ్వకపోతే బేరింగు పోతోందని.

రివర్స్ ఒక్కటే నేర్చుకోవడానికి టైం పడుతుంది, టెన్షన్ పడకు. ఖాళీ మైదానంలో మొదలుపెట్టు. చెయ్యి స్టీరింగు అడుగున పెట్టు. ట్రైలర్ వెనక భాగం ఎటు పోవాలో చేతిని అటే జరుపు, కొంచెం కొంచెంగా. మడత పడుతోందనిపిస్తే పంతానికి పోకుండా ముందుకు తీసి సరిచేసుకుని మళ్ళీ మొదలుపెట్టు. వెనక నిలబడి చెప్పేవాడు ఒక్కడే ఉండాలి, వాడు అద్దంలో నీకు కనిపించాలి, కనిపించకపోతే బండి ఆపెయ్యాలి. ఆ పనికి మీ నాన్నను పిలవకు. నోటితో రా రా అంటూ చేత్తో ఆగమంటారు.

అమ్మ